విశ్వాసం, విధేయత, తిరుగుబాటు (మెట్ట కృష్ణా ప్రాంతం)

విశ్వాసం, విధేయత, తిరుగుబాటు అనేవి క్రైస్తవ మత చరిత్రలోను, విషాద నాటకంలోను, వలస పాలనా చరిత్రలోను తరచు కలిసి కనిపించే మూడు భావనలు. దైవం మీద నిలకడ గల నమ్మకం విశ్వాసం. తండ్రికి, యజమానికి, ప్రభువుకు లేదా ప్రభుత్వానికి కట్టుబడి ఉండటం విధేయత. ఆ కట్టుబాటును కాదని ఎదురు నిలవటం తిరుగుబాటు. అయితే వీటి నడుమ హద్దు స్థిరమైనది కాదు. ఒక మనిషి చేసిన ఒకే పని దేవుని ఎదుట విశ్వాసంగాను, ఇంటివారి ఎదుట ద్రోహంగాను, ప్రభుత్వం ఎదుట నేరంగాను లెక్కకు రావచ్చును.

మైలవరం, నందిగామ, జగ్గయ్యపేటలతో కూడిన మెట్ట కృష్ణా ప్రాంతం పూర్వపు కృష్ణా జిల్లాలో పడమటి భాగం. ఇది 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నది. ఈ మూడు భావనలను ఒకేచోట పరిశీలించటానికి ఈ ప్రాంతం అనువైనది. ఈస్టిండియా కంపెనీకి పేష్కషు చెల్లించిన జమీందారులు, పల్లెలోని మాలల మధ్య మొదలైన క్రైస్తవ ఉద్యమం, జమీందారుల పోషణలో వెలిగిన నాటక సమాజం - ఈ మూడింటికీ ఇక్కడ చరిత్ర ఉన్నది.

== పదాలు, అర్థాలు ==

తెలుగులో విశ్వాసం అనే మాటకు రెండు అర్థాలు వాడుకలో ఉన్నాయి. ప్రార్థనా మందిరంలో అది దేవునిపై నమ్మకం. లోకవ్యవహారంలో అది అన్నం పెట్టినవాని పట్ల కృతజ్ఞతతో కూడిన నిలకడ. కుక్కకు ఉన్న విశ్వాసం మనిషికి లేదు అన్నప్పుడు చెప్పేది ఈ రెండవ అర్థమే. గ్రీకు భాషలోని పిస్టిస్, లాటిన్ భాషలోని ఫిడెస్ అనే మాటలకు కూడా ఇలాగే నమ్మకం, నమ్మకస్థత అనే రెండు అర్థాలున్నాయి. అందువలన ఈ కలయిక తెలుగుకు మాత్రమే ప్రత్యేకం కాదు.

విశ్వాసం తప్పటాన్ని చెప్పే జాతీయాలు రెండు వైపుల నుండి వచ్చాయి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అనే మాట అన్నం పెట్టినవాని వైపు నుండి పుట్టింది. నమ్మినవానిని నట్టేట ముంచడం అనే మాట నమ్మినవాని వైపు నుండి పుట్టింది. అంటే విధేయత ఏకపక్షం కాదని, సేవకుడు ప్రభువుకు ఎంత బాకీయో ప్రభువు కూడా సేవకునికి అంత బాకీ అని భాషే అంగీకరించింది.

భక్తి, ద్రోహం అనే మాటల సంగతి కూడా ఇదే. దైవభక్తి, పితృభక్తి, స్వామిభక్తి, రాజభక్తి, దేశభక్తి అనే వరుసకు ఎదురుగా దైవద్రోహం, పితృద్రోహం, స్వామిద్రోహం, రాజద్రోహం, దేశద్రోహం అనే వరుస నిలుస్తుంది. ఒక వరుసలోని రెండు భక్తులు పరస్పరం ఢీకొన్నప్పుడు ఒకటి నిలవాలంటే మరొకటి ద్రోహంగా మారక తప్పదు. విషాద నాటకానికి మూలవస్తువు ఇదే.

తిరుగుబాటు అనే మాటలో తిరుగుట అనే క్రియ ఉన్నది. క్రైస్తవుల పరిభాషలో పశ్చాత్తాపం పొంది దేవుని తట్టు తిరుగుట కూడా ఇదే క్రియతో చెప్పబడుతుంది. ఒకరి వైపు తిరిగినవాడు మరొకరికి వెన్ను చూపినట్లే కదా అనే ప్రశ్న ఈ మాటలోనే దాగి ఉన్నది.

== క్రైస్తవ సంప్రదాయంలో ==

క్రైస్తవ గ్రంథంలో అధికారం పట్ల రెండు ధోరణులు కనిపిస్తాయి. పౌలు రోమీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయం పై అధికారులకు లోబడి ఉండాలని బోధిస్తుంది. అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలో పేతురు, ఇతర అపొస్తలులు మనుషుల కంటె దేవునికే లోబడాలని న్యాయసభ ఎదుట చెబుతారు. పన్ను కట్టవచ్చునా అని అడిగినవారికి యేసు చక్రవర్తి నాణెం చూపి ఇచ్చిన సమాధానం చక్రవర్తికి చెందినదేదో, దేవునికి చెందినదేదో వేరుచేసింది. అయితే ఆ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలో తేల్చుకునే బాధ్యతను వినేవారికే వదిలింది. తరువాతి చరిత్ర చాలావరకు ఈ గీత గురించిన తగవే.

రోమను సామ్రాజ్యంలో చక్రవర్తికి ధూపం వేయటానికి నిరాకరించిన క్రైస్తవులు రాజద్రోహులుగా శిక్షింపబడ్డారు. రెండవ శతాబ్దంలో స్ముర్నా పట్టణపు వృద్ధ బిషప్పు పాలికార్పు ఇలాగే మరణించాడు. ఇంగ్లండులో రాజు రెండవ హెన్రీకి ఆప్తమిత్రుడైన థామస్ బెకెట్, ఆర్చిబిషప్పు అయిన తరువాత చర్చి హక్కుల పక్షం వహించి 1170 డిసెంబరు 29న కాంటర్బరీ దేవాలయంలో హతుడయ్యాడు. ఫ్రాన్సులో జోన్ ఆఫ్ ఆర్క్‌ను 1431లో చర్చి న్యాయస్థానమే దోషిగా నిర్ణయించగా ఆమెను సజీవదహనం చేశారు. 1456లో ఆ తీర్పు రద్దయింది. 1920లో అదే చర్చి ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. జర్మనీలో మార్టిన్ లూథర్ 1521లో చక్రవర్తి సభలో తన అంతరాత్మకు కట్టుబడి నిలిచాడు. 1525లో రైతులు తిరగబడినప్పుడు అతడే ప్రభువుల పక్షం వహించి రైతులను తీవ్రంగా ఖండించాడు. ఒకనాటి తిరుగుబాటుదారు మరునాడు విధేయతా బోధకుడు కావచ్చునని చెప్పటానికి ఇది ప్రసిద్ధమైన ఉదాహరణ.

యేసు శిష్యులలో యూదా గురువును అప్పగించాడు. పేతురు ఆయనను ఎరుగనని మూడుసార్లు బొంకాడు. ఇద్దరూ విశ్వాసం తప్పినవారే. పేతురు ఏడ్చి తిరిగి వచ్చాడు, యూదా నిరాశతో ప్రాణం తీసుకున్నాడు. విశ్వాసం ఒక్కసారి తప్పితే అంతా ముగిసినట్లు కాదనే ఈ భావన క్రైస్తవానికి ముఖ్యమైనది. విషాద నాటకంలో ఇటువంటి రెండవ అవకాశం సాధారణంగా ఉండదు.

== జమీందారులు, కంపెనీ ప్రభుత్వం ==

ఉత్తర సర్కారులు 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా ద్వారాను, 1766లో నిజాముతో కుదిరిన ఒడంబడిక ద్వారాను కంపెనీ వశమయ్యాయి. 1766లోనే కంపెనీ సేనలు మైలవరానికి సమీపంలోని కొండపల్లి కోటను పట్టుకున్నాయి. నందిగామ, జగ్గయ్యపేట పరిసరాలు వాసిరెడ్డి వారి ఏలుబడిలోను, మైలవరం సూరపనేని వారి ఏలుబడిలోను ఉండేవి. ఈ జమీందారులు ఉన్నచోటనే ఉండగా పైనున్న ప్రభువు మారాడు. వారి విధేయత కూడా నిజాము నుండి కంపెనీకి మారింది. రైతుకు మాత్రం శిస్తు అడిగే చెయ్యి మారలేదు.

1802లో ఉత్తర సర్కారులలో శాశ్వత శిస్తు పద్ధతి ప్రవేశపెట్టబడింది. జమీందారుల సైనిక బలం తగ్గింది. అప్పటి నుండి జమీందారు విధేయతకు కొలత కత్తి కాదు, కిస్తీ. గడువుకు కిస్తీ కట్టినవాడు విధేయుడు. బకాయి పడినవాని జమీ జప్తుకో వేలానికో వచ్చేది.

ఈ సంధి కాలపు ప్రముఖుడు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. ఆయన 1783లో అధికారానికి వచ్చి 1816లో మరణించాడు. బేతవోలు గ్రామం వద్ద తండ్రి పేరున జగ్గయ్యపేటను, కృష్ణకు ఆవలి ఒడ్డున అమరావతిని నిర్మించాడు. అనేక ఆలయాలకు దానధర్మాలు చేశాడు. ఆయన ఇద్దరు దత్తపుత్రుల వారసత్వపు తగవు లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు వెళ్ళి హిందూ దత్తత న్యాయంలో ప్రసిద్ధమైన తీర్పుకు దారితీసింది.

వెంకటాద్రి నాయుని గురించి ప్రచారంలో ఉన్న ఒక గాథ ఇక్కడ గమనించదగినది. తన సీమలో దోపిడీలు చేస్తున్నారని చెంచులను ఆయన విందుకు పిలిపించాడట. నమ్మి వచ్చినవారిని వరుసగా నరికించాడట. అది జరిగిన చోటు నరుకుళ్ళపాడు అయిందని స్థానికులు చెబుతారు. ఆ తరువాత ఆయన భోజనానికి కూర్చుంటే కంచంలోని అన్నం పురుగులుగా కనిపించేదని, ఆ పాపం పోవటానికే అమరావతిలో శివుని ఆశ్రయించి ఆలయ నిర్మాణాలు చేశాడని గాథ. ఇందులో చారిత్రక సత్యం ఎంత ఉన్నా, జనం దానిని నిలుపుకున్న తీరు ముఖ్యం. తిరుగుబాటును అణచటం రాజధర్మమని ఈ గాథ కాదనదు. విందుకు పిలిచి చంపటాన్ని మాత్రం క్షమించదు. శిక్ష కూడా అన్నంలోనే వచ్చింది. విశ్వాసఘాతుకం సేవకుడు చేసేది మాత్రమే కాదు, ప్రభువు కూడా చేయగలడని ఈ కథ చెబుతుంది.

== క్రైస్తవ మిషను: మచిలీపట్నం, రాఘవాపురం ==

చర్చి మిషనరీ సొసైటీ వారి తెలుగు మిషను 1841లో మచిలీపట్నంలో మొదలైంది. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దాని స్థాపకులు. నోబుల్ 1843లో ఉన్నత కులాల విద్యార్థులను ఉద్దేశించి ఒక ఆంగ్ల పాఠశాలను నెలకొల్పాడు. పై కులాలవారు మారితే సమాజమంతా అనుసరిస్తుందని ఆయన ఆశ.

1852లో ఆ పాఠశాల విద్యార్థులైన మంచాల రత్నం, ఐనాల భూషణం బాప్తిస్మం పొందారు. వెంటనే తల్లిదండ్రులు పిల్లలను మానిపించటంతో పాఠశాల దాదాపు ఖాళీ అయింది. నోబుల్ దృష్టిలో ఇది తొమ్మిదేళ్ళ శ్రమకు తొలిఫలం. ఆ ఇళ్ళవారి దృష్టిలో ఇది చదువుకు పంపిన కొడుకు బతికుండగానే దూరమైపోవటం. ఇద్దరు యువకులూ 1864లో గురువులుగా అభిషేకం పొందారు.

ఈ వివాదానికి ప్రభుత్వ చట్టం కూడా తోడైంది. 1850 నాటి 21వ చట్టం ప్రకారం మతం మారినవాడు వారసత్వపు హక్కు కోల్పోడు. పితృకార్యం చేయని కొడుకుకు పిత్రార్జితం ఎలా చెందుతుందని సంప్రదాయవాదులు ప్రశ్నించారు. మిషను, ప్రభుత్వం ఒకటేననే అనుమానం దీనితో బలపడింది. 1857 తిరుగుబాటు తరువాత 1858 నవంబరు 1న వెలువడిన విక్టోరియా రాణి ప్రకటన, మత విషయాలలో ప్రభుత్వం జోక్యం చేసుకోదని హామీ ఇచ్చింది.

పై కులాల నుండి నోబుల్ ఆశించిన వెల్లువ రాలేదు. అది మరొకచోట, మరొకరి నుండి వచ్చింది. మెట్ట కృష్ణాలోని రాఘవాపురం మాలపల్లెకు చెందిన పగోలు వెంకయ్య ఒకప్పుడు దొంగల ముఠాకు నాయకుడని మిషను చరిత్రలు పేర్కొంటాయి. ఏ మిషనరీనీ కలవక ముందే అతడు విగ్రహారాధన మానివేసి, తనకు తెలియని దేవుడు తనకు తానుగా తెలియాలని ప్రార్థిస్తూ వచ్చాడట. బెజవాడలో ఏళ్ళ తరబడి ఫలితం లేక పనిచేస్తున్న మిషనరీ టి. వై. డార్లింగ్‌ను అతడే వెతుక్కుంటూ వెళ్ళాడు. 1859లో బాప్తిస్మం పొంది, తన బంధువులకు, చుట్టుపక్కల పల్లెలవారికి తానే బోధకుడయ్యాడు. నోబుల్ పాఠశాల పై నుండి కిందికి ప్రవహిస్తుందనుకున్న మతం ఈ విధంగా కింది నుండి పైకి వచ్చింది.

మాలల, మాదిగల మతమార్పిడిని ఊరిలోని పెద్దలు కేవలం దైవ విషయంగా చూడలేదు. పల్లెవారు ఊరికి చేయవలసిన వెట్టి పనులు, జాతరలో డప్పు కొట్టటం, చచ్చిన పశువులను ఎత్తటం వంటివి కుల ధర్మాలుగా స్థిరపడి ఉన్నాయి. వీటిలో విగ్రహపూజకు సంబంధించినవి, ఆదివారం నాటి పనులు క్రైస్తవులైనవారు మానుకోజూశారు. ఒంగోలు ప్రాంతంలో పనిచేసిన అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఈ ఘర్షణలను వివరంగా నమోదు చేశాడు. డప్పు కొట్టనన్న మాదిగలకు పని దొరకలేదు, బావి నీళ్ళకు అడ్డం వచ్చింది. దేవునికి లోబడుతున్నామని వారు అనుకున్నారు. కూలివాడు ఎదురు తిరిగాడని ఊరు అనుకుంది. రెండూ నిజమే.

ధాతు కరవుగా పేరుపొందిన 1876-78 నాటి మహాక్షామంలో ఈ ప్రశ్న మరొక రూపం తీసుకుంది. అన్నం కోసమే మతం మారుతున్నారనే నింద రాకుండా క్లౌ కరవు కాలంలో బాప్తిస్మాలు నిలిపివేశాడు. కరవు సహాయం ముగిసిన తరువాత 1878 జూలై 3న ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆకలిగొన్నవాని విశ్వాసాన్ని శంకించే హక్కు కడుపు నిండినవారికి ఎంతవరకు ఉన్నదనేది ఆ తరువాత కూడా చర్చలో ఉన్న విషయం.

== విషాద నాటకంలో ==

సంస్కృత నాటక సంప్రదాయం రంగస్థలంపై మరణాన్ని చూపరాదని, కథ శుభాంతం కావాలని విధించింది. దుర్యోధనుని మరణాన్ని చూపిన భాసుని ఊరుభంగం అరుదైన మినహాయింపు. గ్రీకు నాటకంలో ఇందుకు భిన్నమైన సంప్రదాయం ఉన్నది. క్రీస్తుపూర్వం ఐదవ శతాబ్దంలో సోఫోక్లిస్ రచించిన యాంటిగనీ నాటకంలో రాజాజ్ఞను ధిక్కరించి అన్నకు ఖననం చేసిన యువతి మరణిస్తుంది. ఆమెను శిక్షించిన రాజు తన కుమారుని, భార్యను కోల్పోతాడు. రాజ్యాన్ని కాపాడాలన్న రాజు మాటలోను న్యాయం ఉండటమే ఈ నాటకానికి బలం. ఒక వైపు ధర్మం, మరొక వైపు అధర్మం ఉంటే అది పోరాటం మాత్రమే. రెండు వైపులా ధర్మం ఉన్నప్పుడు అది విషాదం.

షేక్స్పియర్ లియర్ రాజు నాటకంలో విధేయతకు మూడు రూపాలున్నాయి. ముఖస్తుతి చేసిన పెద్ద కూతుళ్ళు విధేయులుగా కనిపించి ద్రోహం చేశారు. నిజం చెప్పిన చిన్నకూతురు, మంత్రి కెంట్ అవిధేయులుగా వెళ్ళగొట్టబడి చివరి వరకు నిలబడ్డారు. మూడవవాడు పేరు కూడా లేని ఒక నౌకరు. చిన్ననాటి నుండి కొలిచిన ప్రభువు ఒక ముసలివాని కళ్ళు పెరికిస్తుండగా అడ్డుపడి, ప్రభువుపైనే కత్తి దూసి, అక్కడే ప్రాణం విడిచాడు. ఇంతకంటె మంచి సేవ ఎన్నడూ చేయలేదని అతడే అనుకున్నాడు. తిరుగుబాటే విధేయతగా మారే క్షణానికి ప్రపంచ నాటకంలో ఇది గొప్ప ఉదాహరణ.

తెలుగులో విషాదాంత నాటకానికి బాట వేసినవాడు బళ్ళారికి చెందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912). ఆయన విషాద సారంగధర నాటకంలో రాజమహేంద్రవరపు రాజకుమారుడు సారంగధరుడు సవతితల్లి చిత్రాంగి కోరికను తిరస్కరిస్తాడు. ఆమె వేసిన నింద నమ్మిన తండ్రి రాజరాజ నరేంద్రుడు కొడుకుకు శిక్ష విధిస్తాడు. తండ్రి పట్ల విశ్వాసమే ఆ కుమారుని నేరమైంది. ప్రచారంలో ఉన్న కథలో సిద్ధుని మహిమ వలన తెగిన కాలుచేతులు తిరిగి వస్తాయి. నాటకకర్త ఆ ఓదార్పును తొలగించాడు. ఈ కథకు చారిత్రక ఆధారాలు లేవు.

చరిత్ర నుండి వచ్చిన విషాద వస్తువులలో ముఖ్యమైనది బొబ్బిలి యుద్ధం. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు విజయరామరాజు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించారు. కోట నిలవదని తెలిసిన వెలమ వీరులు తమ స్త్రీలను, పిల్లలను తామే వధించి పోరాడి మరణించారు. తాండ్ర పాపారాయుడు తరువాత విజయరామరాజును అతని గుడారంలోనే చంపాడు. శ్రీపాద కృష్ణమూర్తి శాస్త్రి, వేదం వేంకటరాయ శాస్త్రి ఈ కథను వేర్వేరుగా నాటకాలుగా రచించారు. పాపారాయుని స్వామిభక్తిని మెచ్చుకునే ప్రేక్షకులు, ఆ కోటలోని పిల్లల అభిప్రాయం ఎవరూ అడగలేదనే సంగతిని మరచిపోరాదు.

== నీల్ దర్పణ్, నాటక ప్రదర్శనల చట్టం ==

క్రైస్తవం, విషాద నాటకం, వలస ప్రభుత్వం మూడూ ఒకే న్యాయస్థానంలో కలిసిన ఘట్టం 1861లో కలకత్తాలో జరిగింది. బెంగాలు నీలిమందు రైతులపై తెల్లదొరల దౌర్జన్యాలను చూపుతూ దీనబంధు మిత్ర 1860లో నీల్ దర్పణ్ అనే విషాద నాటకం రచించాడు. దాని ఆంగ్లానువాదాన్ని ప్రచురించినవాడు జేమ్స్ లాంగ్. ఆయన మచిలీపట్నం మిషను నడిపిన చర్చి మిషనరీ సొసైటీకే చెందిన మిషనరీ. తోటదొరల పరువు తీశాడనే అభియోగంపై ఆయనకు ఒక నెల ఖైదు, వెయ్యి రూపాయల జరిమానా విధించారు. ఆ జరిమానా సొమ్మును కాళీప్రసన్న సింహ న్యాయస్థానంలోనే చెల్లించాడు. తెల్లవాడు, గురువు అయినవాడు తన జాతివారి పక్షం కాక రైతుల పక్షం వహించాడు. మిషను అంటే ప్రభుత్వమే అనే సూత్రం అన్నివేళలా చెల్లదని ఈ ఘట్టం చూపుతుంది.

1876లో ప్రభుత్వం నాటక ప్రదర్శనల చట్టం చేసింది. ప్రభుత్వం పట్ల అప్రీతి కలిగించేదిగా తోచిన ఏ నాటకాన్నైనా నిషేధించే అధికారం దీని ద్వారా అధికారులకు వచ్చింది. అంతకు ముందు 1870లోనే రాజద్రోహం శిక్షాస్మృతిలో 124-ఎ విభాగంగా చేరింది. 1922 మార్చిలో ఆ విభాగం కింద విచారింపబడిన గాంధీ, ప్రీతి అనేది చట్టంతో పుట్టించగలిగినది కాదని న్యాయమూర్తికి చెప్పి, నేరం అంగీకరించి ఆరేళ్ళ శిక్ష స్వీకరించాడు. స్వాతంత్ర్యం తరువాత కూడా దశాబ్దాల పాటు నిలిచిన నాటక ప్రదర్శనల చట్టం 2018లో రద్దయింది. 124-ఎ విభాగం ఉన్న పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది.

== మైలవరం నాటక సమాజం ==

20వ శతాబ్దపు తొలి దశకాలలో మైలవరం జమీందారుల పోషణలో నడిచిన బాలభారతీ నాటక సమాజం ఆంధ్ర దేశంలో పేరు పొందింది. జనం దీనిని మైలవరం కంపెనీ అనేవారు. యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి వంటి ప్రసిద్ధ నటగాయకులు దీనితో సంబంధం కలవారు. ప్రభుత్వానికి కిస్తీలు కట్టే జమీందారు డబ్బుతో నడిచే రంగస్థలం కనుక, అధికారాన్ని సూటిగా ప్రశ్నించే కథల కంటె పురాణ, చారిత్రక, భక్తి కథలకే ఇటువంటి సమాజాలలో ఎక్కువ చోటు దొరికేది. అయినా ఆ కథలలోనూ ప్రశ్న ఉండేది.

ఉదాహరణకు తెలుగు రంగస్థలంపై విశేషంగా ఆడిన రామదాసు కథ. కంచర్ల గోపన్న జగ్గయ్యపేటకు ఉత్తరాన ఉన్న ఖమ్మం సీమలోని నేలకొండపల్లికి చెందినవాడు. గోల్కొండ సుల్తాను తానీషా కొలువులో తహశీల్దారుగా ఉండి, సర్కారు శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రామాలయం కట్టించాడు. దేవుని వైపు చూస్తే భక్తి, ఖజానా వైపు చూస్తే అపహరణ. చెరసాలలో ఏళ్ళు గడిపిన తరువాత రామలక్ష్మణులే మారువేషంలో వచ్చి ఆరు లక్షల బాకీ చెల్లించి రసీదు తీసుకున్నారని కథ. ఈ కథలో తానీషా దుష్టుడు కాదు. తన సొమ్ముకు లెక్క అడిగిన ప్రభువు మాత్రమే. అందుకే ఇది విషాదానికి అతి సమీపం వరకు వెళ్ళి, దేవుడు బాకీ తీర్చటం వలన మంగళాంతమవుతుంది.

== జాతీయోద్యమ కాలం ==

సహాయ నిరాకరణోద్యమంతో నాటకం సూటిగా రాజకీయంలోకి వచ్చింది. దామరాజు పుండరీకాక్షుడు పాంచాల పరాభవం నాటకంలో పంజాబు దురంతాలను మహాభారత కథ మాటున ప్రదర్శించాడు. పాంచాలం అంటే పంజాబు అని ప్రేక్షకులకు వేరే చెప్పనక్కరలేదు. ప్రభుత్వానికి కూడా అర్థమయింది కనుక దానిని నిషేధించింది.

తెలుగు క్రైస్తవులకు ఈ కాలం ఇరకాటమైనది. పాలకుల మతం కనుక వారు పాలకుల పక్షమేనని కొందరు అనుకున్నారు. 1912లో భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్పుగా డోర్నకల్‌లో నియమితుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని వాదించాడు. మతం వేరైనా పౌరసత్వం వేరు కాదని ఆయన భావన. అదే సమయంలో మతమార్పిడి విషయంలో గాంధీతో ఆయన విభేదించాడు. ప్రభుత్వం ఇవ్వజూపిన రాయితీనీ, జాతీయ నాయకుని అభిప్రాయాన్నీ కాదని నిలవటంలో ఆయన విధేయత ఎవరికన్నది స్పష్టం.

వినుకొండలో 1895లో జన్మించిన మహాకవి గుర్రం జాషువా పరిస్థితి ఇంకా కఠినం. హిందూ పురాణ కథలు రాసినందుకు క్రైస్తవులు, అంటరాని కులంవాడని సవర్ణులు ఆయనను దూరం పెట్టారు. 1941లో గబ్బిలం ద్వారా శివునికే ఫిర్యాదు పంపిన ఆ కవి, 1958లో క్రీస్తు చరిత్ర రచించాడు. ఆ కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. దేనికీ విశ్వాసం లేనివాడని ఆయనను అనలేము. ఆయన విశ్వాసాన్ని ఇముడ్చుకోగల గుంపు లేకపోయింది.

== స్వాతంత్ర్యం తరువాత ==

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. మెట్ట కృష్ణాలోని పాత మిషను సంఘాలు దాని కృష్ణా-గోదావరి అధ్యక్ష మండలంలో చేరాయి. ఇప్పుడు విశ్వాసం పరీక్షకు వచ్చే చోటు న్యాయస్థానమో చెరసాలో కాదు, కుల ధ్రువీకరణ పత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల గుర్తింపు తొలుత హిందువులకే పరిమితం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని వర్తింపజేశారు. క్రైస్తవులకు వర్తించలేదు. ఆంధ్ర ప్రదేశ్‌లో వారు వెనుకబడిన తరగతులలో సి గ్రూపు కింద ఒక శాతం రిజర్వేషనుకు అర్హులు. వారిని షెడ్యూల్డు కులాలలో చేర్చాలని రాష్ట్ర శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది.

దీని ఫలితంగా ఒక కుటుంబం ఆదివారం ఒక మతంలోను, దరఖాస్తులో మరొక మతంలోను కనిపించే పరిస్థితి ఉన్నది. దానిని కపటమని కొందరు, బతుకు తెరువని కొందరు అంటారు. పేరు పెట్టేముందు ఆ మార్పిడి ఎందుకు జరిగింది, మారిన తరువాత కూడా ఊరు వారిని ఏ పేరుతో పిలిచింది అనే రెండు సంగతులూ గుర్తుంచుకోవాలి.

== మూల్యం ఎవరిది ==

పై ఉదాహరణలన్నిటిలోను రెండు విధేయతలు ఢీకొన్నప్పుడు ఒక బాకీ మిగులుతుంది. దానిని ఎవరు తీరుస్తారనే విషయంలోనే ఈ రంగాలు వేరవుతాయి. భక్తి కథలో దేవుడే వచ్చి బాకీ తీరుస్తాడు. క్రైస్తవంలో దేవుడు తన కుమారుని ప్రాణాన్నే మనుషుల కొరకు విమోచన మూల్యంగా ఇచ్చాడని విశ్వాసం. విషాద నాటకంలో తీర్చేవారు ఎవరూ రారు. సారంగధరుడు, యాంటిగనీ తామే చెల్లించుకుంటారు.

చరిత్రలో మాత్రం తగవు పెద్దల మధ్య నడిచి, మూల్యం సాధారణంగా చిన్నవారి వంతుకు వస్తుంది. విందుకు వచ్చిన చెంచు, డప్పు కొట్టనని నీళ్ళు కోల్పోయిన మాదిగ, బొబ్బిలి కోటలోని పసిబిడ్డ, పేరు లేని నౌకరు ఈ కోవకు చెందినవారు. అందువలన ఒక పనిని విశ్వాసమనో ద్రోహమనో చరిత్ర గ్రంథం పేర్కొన్నప్పుడు, ఆ పేరు పెట్టినవారు ఎవరు, మూల్యం చెల్లించినవారు ఎవరు అని అడగటం చరిత్ర విద్యార్థికి అవసరం.

== ఇవి కూడా చూడండి ==

మైలవరం
జగ్గయ్యపేట
వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు
బొబ్బిలి యుద్ధం
కంచర్ల గోపన్న
గుర్రం జాషువా